గుండ్రటి పీఠాలు

తొమ్మిదో వారం

కిందటి వారం మనం రస్సెల్ బర్కిన్‌ని చర్చి హాలు మెట్ల మీద వదిలేసి వచ్చాం. చేతిలో ఇనప పళ్లెం, పళ్లెంలో తొంభై ఆరుగురు దీపధారులు, అందరూ కొత్త గుండ్రటి పీఠాల మీద. మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు, కంగారు లేదు. ఈలోగా కొత్తగా చేరినవాళ్లకి నాలుగు ముక్కలు చెప్పాలి.

రస్సెల్‌ది నాటింగ్‌హామ్‌లో బుల్వెల్. అరవై ఒకటి నిండాయి. కడుపు కోసం బస్సు డిపోలో మెకానిక్కు పని చేస్తాడు గానీ ప్రాణమంతా ‘బూడిద సరిహద్దు’ మీదే. అది బల్ల మీద ఆడే యుద్ధం. బొటనవేలంత సైనికులు, టేపుతో కొలిచి జరపడం, పాచికలు వేసి చంపడం. ముప్ఫై ఏళ్లుగా ఆడేది రస్సెల్, సైనికులకి రంగులు వేసేది భార్య లొరైన్. ఆమె ఆఖరున వేసింది ఈ దీపధారుల దండు. కిందటి నవంబరులో ఆమె పోయింది.

ఈ జూన్‌లో ఆట ఐదో ఎడిషన్ వచ్చింది. కంపెనీ ఏడెనిమిదేళ్లకోసారి రూల్సు మార్చడమూ, జనం నోరారా తిట్టి మర్నాడే వెళ్లి కొత్త పుస్తకం కొనడమూ మామూలే. ఈసారి మార్పు మాత్రం గట్టిది. బొమ్మల కాళ్ల కింద అతికించే చదరపు పీఠాలు పోయి గుండ్రటివి వచ్చాయి. చదరపు పీఠం మీద నిలబడ్డ బొమ్మని పోటీలో బల్ల మీదకే రానివ్వరు. దీపధారులకి ఆయువుపట్టులాంటి రూలు ఇంకొకటి ఉండేది. దీపం పట్టుకున్నవాడు పడిపోతే పక్కవాడు అందుకోవచ్చు. దాన్ని కూడా కొట్టేశారు. క్లబ్బులో ఓట్లు పెడితే రస్సెల్ కొత్తదానికి చెయ్యెత్తాడు. “లొరైన్ ఉంటే నీ చెయ్యి పట్టుకుని కిందకి లాగేది,” అన్నాడు డెరిక్ ఆల్సప్, చిన్నప్పటి స్నేహితుడు. అందరి ముందూ అన్నాడు. ఆ రోజుతో ఇద్దరికీ మాటలు పోయాయి. డెరిక్ ఏడుగురిని వెంటబెట్టుకుని వెళ్లిపోయి, ఆర్నాల్డ్‌లో ఒక పబ్బు మేడమీద పాత ఎడిషనే ఆడుకుంటున్నాడు.

ఇక మెట్లెక్కుదాం.

క్లబ్బు ఎప్పుడూ ఆడే ఆ హాల్లో పన్నెండు బల్లలు వేశారు. కొత్త ఎడిషన్‌లో మొదటి పోటీ ఇది. అందరి చేతుల్లో కొత్త పుస్తకం, పుస్తకం నిండా రంగు కాగితాల గుర్తులు, రెండు నిమిషాలకోసారి ఎవరో ఒకరు “అలా కాదయ్యా, ఇప్పుడు మార్చేశారు” అనడం. ఓ మూల టీ మరుగుతోంది. ఆ ఊరి అలవాటుగా బఠాణీ ముద్ద మీద పుదీనా నీళ్లు పోసుకుని పొద్దున్నే లాగిస్తున్నవాళ్లు కొందరు.

రస్సెల్ పళ్లెం దించగానే చుట్టూ మూగారు. ఎవరూ వేలు పెట్టలేదు. అడక్కుండా ఇంకొకరి బొమ్మని ముట్టుకోవడం ఆ హాల్లో చెంప మీద కొట్టడంతో సమానం. చేతులు వెనక్కి కట్టుకుని వంగి చూశారు. ప్రతి దీపంలోనూ లొరైన్ వేసిన వెలుగు ఉంది. పసుపు మీద సన్నటి తెలుపు, పట్టుకున్నవాడి గడ్డం కింద లేత నారింజ.

“ఎవరు వేశారండీ?” అని లింకన్ నుంచి వచ్చినాయన అడిగాడు.

“మా ఆవిడ.”

“ఇప్పుడేం వేస్తున్నారు?”

రస్సెల్ జేబులోంచి టేపు తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. “ఏం వెయ్యట్లేదు,” అన్నాడు.

ఓట్ల రోజు రస్సెల్ చెయ్యెత్తింది ఇందుకే. ఎవరికీ చెప్పలేదు గానీ సంగతి ఇదే. పాత రూల్సుతో ఉండిపోతే లొరైన్ రంగుల్ని చూసేది డెరిక్, వాడి ఏడుగురు. కొత్త రూల్సుతో ఆడితే ఊరూరా చూస్తారు. ఆమె లేకపోయినా ఆమె పని బయట తిరుగుతుంది. దానికోసం దీపం అందుకునే రూలు పోతే పోనీ అనుకున్నాడు. అలా అనుకున్నందుకు ఆ రోజు నుంచీ మనసులో ముల్లు గుచ్చుకుంటూనే ఉంది.

అప్పుడే తలుపు దగ్గర హేలీ కనబడింది.

హేలీ అతని ఒక్కగానొక్క కూతురు. షెఫీల్డ్‌లో నర్సు. పద్నాలుగేళ్ల వయసులో ‘ఇంక ఈ బొమ్మల కంపు నాకొద్దు’ అని హాల్లోంచి వెళ్లిపోయినది మళ్లీ ఇవాళే అడుగుపెట్టడం. రస్సెల్ మొహం వెలిగిపోయింది.

“ఏంటమ్మా, ఇటొచ్చావు? దారి తప్పావా?”

హేలీ నవ్వలేదు. పళ్లెం వైపే చూస్తూ, “ఒకటి తీసి చూడనా?” అని అడిగింది. అడిగి తీసుకోవాలన్నది మర్చిపోలేదు పిల్ల. ఒక దీపధారిని తీసి తిరగేసింది. ఇనప పళ్లేనికి అంటుకునేలా కింద పెట్టిన కొత్త అయస్కాంతపు బిళ్ల నల్లగా మెరుస్తోంది.

“పాతవేవి నాన్నా?”

“ఏ పాతవి?”

“అమ్మ అతికించిన పీఠాలు. చదరపువి.”

“అవెందుకిప్పుడు? పోటీకి పనికిరావు.”

“నువ్వే ఊడదీశావా?”

రస్సెల్ తల దించుకున్నాడు. “మా క్లబ్బులో గావిన్ తీశాడు. నా వల్ల కాలేదమ్మా. కటరు తీసుకుని కూర్చున్నాను. మొదటివాడి కాళ్ల కింద పెట్టాను కూడా. మీ అమ్మ అంటించినదాన్ని తెంపడానికి చెయ్యి రాలేదు. గావిన్‌తో చెప్తే, నువ్వు బాధపడకు రస్, నేను చూసుకుంటా అని పట్టుకెళ్లాడు.”

“అయితే నువ్వేం చదవలేదన్నమాట.”

“ఏం చదవాలి?”

హేలీ దగ్గర్లో ఉన్న కుర్చీలో కూలబడింది. మొదలుపెట్టాక ఆపకుండా చెప్పింది.

“అయస్కాంతం కింద కాగితాలు పెట్టింది నాన్నా. ప్రతిదాని కిందా ఒకటి. ఒక్కో బొమ్మ పూర్తయిన రోజున ఒక చీటీ రాసి, మడిచి, పీఠం కింద గుంటలో పెట్టి, దాని మీద అయస్కాంతం అంటించేది. గుండ్రటి పీఠాలొస్తాయని అప్పటికే పుకార్లున్నాయటగా? ‘రానీ, మంచిదే’ అనేది. ‘మీ నాన్న ఎలాగూ ఒక్కొక్కటీ ఊడదీస్తాడు. అయస్కాంతం పారెయ్యడు, పిసినారి, ఒలిచి దాచుకుంటాడు. రోజుకి మూడుకి మించి చెయ్యడు, ఆయన నిదానం నాకు తెలుసు. నెల రోజులు పడుతుంది. ఆ నెల రోజులూ నేను తోడుంటాను’ అంది.”

రస్సెల్ ఆమె చేతిలోని దీపధారిని తీసుకుని తిరగేసి చూశాడు.

“నువ్వు చదివి ఫోన్ చేస్తావని చూస్తున్నాను. జూన్ అయింది, జూలై అయింది. మాట్లాడదల్చుకోలేదేమోలే అనుకున్నాను. నిన్న క్లబ్బు పేజీలో ఫొటో చూశాను. అన్నీ గుండ్రటివే. అప్పుడు భయమేసింది.”

నెల రోజులు తోడుంటానందట. ఆ నెలని అతను ఇంకొకరి చేతిలో పెట్టి, వంటింట్లో కూర్చుని టీ తాగాడు. రస్సెల్‌కి ఏడుపు రాలేదు. ముందు సిగ్గు వచ్చింది. అంత సిగ్గు జన్మలో ఎప్పుడూ వెయ్యలేదు.

“గావిన్!” అని కేకేశాడు. పన్నెండు బల్లలూ తిరిగి చూశాయి.

గావిన్ పోస్టుమ్యాన్. ఆరడుగుల మనిషి, మనసు వెన్న. మూతి మీద పుదీనా మరక తుడుచుకుంటూ వచ్చాడు. సంగతి విన్నాక ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“చెత్తలో వెయ్యలేదు రస్, ఒట్టు. చెత్తలో వెయ్యలేదు. అయస్కాంతాలు శుభ్రంగా ఉన్నాయి కదా, ఎవరికన్నా పనికొస్తాయని అలాగే ఉంచాను. బిస్కట్ల డబ్బాలో పోసి కిటికీ మీద పెట్టాను.”

ముగ్గురూ కిటికీ వైపు చూశారు. ఆ క్లబ్బులో కిటికీ గట్టు మీద ఏది పెడితే అది అందరిదీ. విరిగిన కత్తులు, మిగిలిన తలలు, సగం ఎండిన రంగు సీసాలు, ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుపోవచ్చు, అడగక్కర్లేదు. ముప్ఫై ఏళ్ల కిందట ఆ అలవాటు పెట్టింది లొరైనే. గట్టు మీద ఇప్పుడు రెండు పాచికలూ, కాలు విరిగిన గుర్రమూ ఉన్నాయి.

“డబ్బా ఎవరు తీశారు?”

“డెరిక్,” అన్నాడు గావిన్. “ఆగస్టులో హాలు తాళంచెవి ఇచ్చెయ్యడానికి వచ్చాడు చూడు, అప్పుడు. కంపెనీ చదరపువి చెయ్యడం మానేసిందిగా. ఎక్కడా దొరకట్లేదు. వాళ్ల కొత్త సైన్యాలన్నిటికీ అవే అతికించుకుంటున్నారట.”

మైకులో పేరు పిలిచారు. మొదటి ఆట, నాలుగో బల్ల, బర్కిన్. లింకన్ ఆయన అప్పటికే తన దండు పేర్చుకుని నిలబడ్డాడు.

“గెలుపు మీదేనని రాసుకోండి,” అన్నాడు రస్సెల్. “గావిన్, వీళ్లని చూస్తూ ఉండు. ఎవర్నీ ముట్టుకోనివ్వకు.”

“నేనూ వస్తాను రస్.”

“వద్దురా. నువ్వు మంచే చేశావు. వద్దు.”

ఆర్నాల్డ్ దాకా హేలీ కారు నడిపింది. పది నిమిషాల దారి. ఆదివారం కదా, రోడ్డు ఖాళీ.

“నువ్వు చదివావా వాటిని?” అని అడిగాడు రస్సెల్.

“ఒక్కటీ చదవనివ్వలేదు. నాకు రాసినవి కావుగా.” గేరు మార్చింది. “డెరిక్ అంకుల్ ఇస్తాడంటావా?”

“ఇవ్వకపోవచ్చు. నేనైతే ఇచ్చేవాణ్ణో లేదో.”

ఇవ్వడమంటే తేలికా! అతికించిన అయస్కాంతాన్ని కత్తి మొన పెట్టి లేపాలి. పీఠం పగలొచ్చు, పీఠం మీద నిలబడ్డవాడి చీలమండ విరగొచ్చు. అలాంటివి ఇప్పుడు కొనడానికి దొరకవు. అన్నిటికంటే ముందు, ‘నీ ఆట పాతబడిపోయిందిరా’ అని చెయ్యెత్తి చెప్పినవాడు, అదే మనిషి ముందు అదే చెయ్యి చాచాలి.

పబ్బు మేడమీద రెండు బల్లలు జోడించి పెద్ద యుద్ధం నడుపుతున్నారు. డెరిక్ పొడుగ్గా, వంగి, చేతిలో టేపుతో ఉన్నాడు. రస్సెల్‌ని చూసి టేపు చటుక్కున మూసేశాడు.

“ఏం కుర్రాడా,” అన్నాడు. ఆ చుట్టుపక్కల అరవై దాటినవాణ్ణయినా అలాగే పిలుస్తారు. “మీ గుండ్రటి పీఠాలవాళ్లు గెంటేశారా? లేకపోతే ఆరో ఎడిషన్ వచ్చేసిందా పొద్దున్నే?”

మిగతావాళ్లు నవ్వారు. హేలీ వెనకాల రావడం చూసి డెరిక్ నవ్వు ఆపేశాడు. “నువ్వేంటి తల్లీ ఇక్కడ?”

రస్సెల్ దారంతా మాటలు కూడబలుక్కుంటూనే వచ్చాడు. తీరా నోరు తెరిస్తే ఒక్కటీ గుర్తులేదు. “మీరు తీసుకెళ్లిన డబ్బాలో పీఠాలు లొరైన్‌వి,” అన్నాడు.

“కిటికీ మీదివి. కిటికీ మీదున్నవి అందరివీ. ఆ రూలు కూడా మార్చేశారా?”

“లేదు. మీవే అవి. నేను కాదనను.” ఒక్క అడుగు ముందుకేశాడు. “అయస్కాంతాల కింద లొరైన్ కాగితాలున్నాయి డెరిక్. నాకు రాసినవి. నాకు తెలీదు. నేను చూసుకోలేదు. ఊడదియ్యమని గావిన్‌కి ఇచ్చేశాను.”

డెరిక్ అతన్నే చూస్తూ నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్లు లొరైన్ చేతి టీ తాగిన మనిషి. ఆసుపత్రికి కూడా వచ్చాడు. అంత్యక్రియల్లో రస్సెల్ పక్కనే నిలబడ్డాడు.

“ఓట్ల రోజు నేనన్న మాట…” అని మొదలుపెట్టాడు.

“నిజమే అన్నావు. లాగేదే.”

“నిజమైనా అనకూడదు కదరా.” డెరిక్ ముక్కు ఎగబీల్చాడు. బల్ల మీద అతను గెలుస్తున్నాడు. ఇంకో రెండు వంతులైతే కోట అతనిది. ఏ బొమ్మ ఎక్కడుందో గుర్తు కూడా పెట్టుకోకుండా, మధ్యలో నిలబెట్టిన తన సేనాపతిని చేత్తో ఎత్తి తిరగేశాడు. “ఆట అయిపోయింది. కత్తులు తియ్యండి. చదరపు పీఠం ఉన్న ప్రతివాణ్ణీ తిరగెయ్యండి. పగిలితే పగిలాయి.”

ఎవరూ గొణగలేదు. ఎనిమిది మంది కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. సన్న కత్తుల మొనలతో అయస్కాంతాలు లేపుతుంటే చిటుక్కు చిటుక్కుమని చప్పుడు. నిన్న మొన్న అతికించుకున్నవి, రెండేసి నెలలు కూర్చుని రంగులు వేసుకున్నవి. ఒకాయన విలుకాడి కాలు విరిగింది. కాలూ విలుకాణ్ణీ పక్కన పెట్టి, చీటీ మాత్రం జాగ్రత్తగా తీసి ఇచ్చాడు. తపాలా బిళ్లంత కాగితాలు, ఒక్క మడత, మడత పైన అంకె. ఎవరూ మడత విప్పలేదు. అంకె చూసి హేలీకి అందించారు. ఆమె పచ్చ గుడ్డ మీద వరస పేర్చింది. డబ్బా అడుగున ఇంకా వాడనివి కొన్ని ఉంటే అవీ ఒలిచారు.

రస్సెల్ కళ్లజోడు సర్దుకుని మొదటిది విప్పాడు. కంట్లో పాప గీసే కుంచెతో రాసినంత సన్నటి అక్షరాలు.

‘1. మొదలుపెట్టాను. టీ పెట్టుకుని కూర్చో.’

రెండోది, మూడోది. వాన గురించి ఒకటి. పక్కింటి పిల్లి గురించి ఒకటి. ‘14. వీడి ముక్కు కుదరలేదు. నువ్వు కనిపెట్టవులే.’ అది చదివి నవ్వాడు. ఆ నవ్వులోనే ఏడుపు వచ్చేసింది. ఎనిమిది మంది మగాళ్లు తల వంచుకుని, తమకేం వినబడనట్టు కత్తులు గీకుతూ కూర్చున్నారు. డెరిక్ లేచి వెళ్లి, కింద నుంచి టీ పట్టుకొచ్చి అతని మోచేతి దగ్గర పెట్టాడు.

చదువుకుంటూ వెళ్లాడు. ఒక్కోటి చదివి, మడిచి, ఎడంపక్కన పెడుతున్నాడు. ఇలా చదవకూడదు, రోజుకి మూడే చదవాలి అనిపించింది. ఆగలేకపోయాడు.

‘61. ఆసుపత్రి నుంచి ఇప్పుడే వచ్చాను. నీకు చెప్పలేదు. రేపు లీడ్స్‌లో నీకు ఆటలున్నాయి. వెళ్లి రా.’

రెండోసారి చదివాడు. లీడ్స్ పోటీ కిందటేడు మే నెలలో. జబ్బు సంగతి లొరైన్ అతనికి చెప్పింది ఆ ఆగస్టులో. ఆ రోజు లీడ్స్ నుంచి కప్పు పట్టుకొచ్చి వంటింటి బల్ల మీద పెడితే, రంగు చేతుల్తోనే చప్పట్లు కొట్టింది. మూడో ఆట ఎలా గెలిచాడో మళ్లీ మళ్లీ చెప్పించుకుంది. అతను చెప్పాడు కూడా, గంటసేపు. ఆమె మొహంలోకి ఒక్కసారి సరిగ్గా చూసి ఉంటే! చూడలేదు. ఆట గురించి చెబుతూనే ఉన్నాడు.

తరవాతి చీటీ కోసం చెయ్యి చాచాడు. దాని మీద అరవై మూడు అని ఉంది.

“అరవై రెండేది?”

డెరిక్ డబ్బా బోర్లించి చూశాడు. బల్ల మీద తిరగేసి పడుకోబెట్టిన సైనికుల్ని మళ్లీ ఒక్కొక్కర్నీ చూశారు. అయస్కాంతం ఉన్న పీఠం ఇంకొకటి లేదు.

రస్సెల్ అరవై మూడు విప్పాడు.

‘63. నిన్న రాసినది చదివి హేలీని ఏమీ అనకు. చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది నేనే.’

తలెత్తి కూతుర్ని చూశాడు. హేలీ ఎడమ చేత్తో చీటీల వరస సర్దుతూనే ఉంది. సర్దడానికి ఏమీ మిగల్లేదు. కుడి చెయ్యి ఒళ్లో పిడికిలి బిగించుకుని ఉంది, వేళ్ల సందులోంచి మడత విప్పిన కాగితం అంచు కనబడుతోంది.

“నీకు మే నెలలోనే తెలుసా?” అన్నాడు. గొంతులో కోపం లేదు. ఉండాలేమో గానీ లేదు.

“తెలుసు,” అంది హేలీ. “తెలుసనే అనుకున్నాను, ఇప్పటిదాకా.”

“అమ్మా, ఆ చెయ్యి తెరువు.”

ఆమె తెరవలేదు. ఇంకా గట్టిగా బిగించి గుండెకి ఆనించుకుంది.

“నాకూ అబద్ధమే చెప్పింది నాన్నా.”